పెద్ద ఆటకు అద్దె కంప్యూటర్: కొనే ముందు వేయవలసిన లెక్కలు



ఉపకారవేతనాల దరఖాస్తులతోపాటు ల్యాప్‌టాప్ కొనడానికి సహాయం కోరుతూ వచ్చే ఉత్తరాలు ఈమధ్య మన ట్రస్టుకు ఎక్కువయ్యాయి. వాటికి జతచేసే కొటేషన్లలో రూ.45,000 యంత్రం ఉంటుంది, లక్షకు దగ్గరగా వచ్చే యంత్రమూ ఉంటుంది. కారణం మాత్రం రెండు ఉత్తరాల్లోనూ ఒక్కటే: "చదువు కోసం". ధరలో తేడా ఎక్కడుందా అని చూస్తే చాలాసార్లు అది గ్రాఫిక్స్ కార్డు దగ్గర తేలుతోంది. ఆ కార్డు అవసరమైన చదువులు కొన్ని ఉన్నాయి. అంతకంటె ఎక్కువగా దాన్ని కోరేవి నేటి పెద్ద కంప్యూటర్ ఆటలు.

అటువంటి ఆటలను మామూలు ల్యాప్‌టాప్ మీద, ఫోను మీద కూడా ఆడుకునే పద్ధతి ఒకటి వచ్చింది. దాన్ని క్లౌడ్ గేమింగ్ అంటారు. పిల్లలు ఆడాలా వద్దా అన్నది ఎవరింట్లో వారు తేల్చుకోవలసిన విషయం. ఎంతవుతుంది, ఏం మిగులుతుంది అన్నది మాత్రం కాగితం మీద తేలుతుంది. ఎనిమిదో తరగతి గణితం వచ్చినవారందరూ ఈ పాఠంలోని లెక్కలు వేయగలరు. పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి.

1. క్లౌడ్ గేమింగ్ అంటే ఏమిటి?

మామూలుగా ఆట మన కంప్యూటర్‌లోనే నడుస్తుంది. బొమ్మలో నీడలు, వాన, నీటి మీద వెలుతురు, పరుగెత్తే మనిషి కదలిక, ఇవన్నీ లెక్కకట్టి సెకనుకు 30 లేదా 60 చిత్రాలు తయారుచేసే పని గ్రాఫిక్స్ కార్డుది. 2020 డిసెంబరులో విడుదలైన సైబర్‌పంక్ 2077 అనే ఆటనే తీసుకోండి. దాన్ని మోయలేక పాత ఇంటి ఆటపెట్టెలు తడబడ్డాయి. సోనీ సంస్థ ఆ నెలలోనే తన దుకాణం నుంచి ఆ ఆటను తాత్కాలికంగా తీసివేసి, కొన్నవారికి డబ్బు తిరిగి ఇవ్వవలసి వచ్చింది. బరువైన ఆట అంటే అదీ.

క్లౌడ్ పద్ధతిలో ఆ బరువు మన యంత్రం మీద పడదు. ఎక్కడో ఒక పెద్ద భవనంలో వరుసగా పేర్చిన కంప్యూటర్లలో ఆట నడుస్తుంది. అక్కడ తయారైన చిత్రాలు వీడియోగా మారి ఇంటర్‌నెట్ ద్వారా మన తెర మీదికి వస్తాయి. మనం నొక్కిన మీట సమాచారం ఇటు నుంచి అటు వెళ్తుంది. మన యంత్రం చేసే పని వీడియో చూపడం, మీటల సమాచారం పంపడం. అందుకే సామాన్యమైన ల్యాప్‌టాప్ కూడా సరిపోతుంది.

"సినిమా కూడా ఇలాగే వస్తుంది గదా" అనిపించవచ్చు. ఒక పెద్ద తేడా ఉంది. సినిమాలో రాబోయే దృశ్యం ముందే తయారై ఉంటుంది కనుక అర నిమిషం భాగం ముందుగానే తెచ్చి దాచుకోవచ్చు. మధ్యలో లైను కాస్త తగ్గినా మనకు తెలియదు. ఆటలో తరువాతి చిత్రం మీరు ఇప్పుడు ఏ మీట నొక్కుతారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. నొక్కకముందు ఆ చిత్రం పుట్టనే లేదు, ఇక దాచుకునేది ఏముంది? క్లౌడ్ గేమింగ్‌లోని ఇబ్బందులు చాలావరకు ఈ ఒక్క తేడా నుంచే వస్తాయి.

2. దూరం లెక్క

గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అంటే 1,000 కి.మీ. దూరానికి సెకనులో 200వ వంతు, అనగా 5 మిల్లీసెకన్లు. మీట సమాచారం వెళ్లాలి, చిత్రం తిరిగి రావాలి కనుక రానుపోను 10 మిల్లీసెకన్లు.

బరంపురం నుంచి ముంబయికి తిన్నగా గీత గీస్తే సుమారు 1,250 కి.మీ. సర్వర్లు ముంబయిలో ఉన్నాయనుకుంటే రానుపోను 2,500 కి.మీ.కు 12.5 మిల్లీసెకన్లు. చెన్నై నుంచి సింగపూర్ సుమారు 2,900 కి.మీ. సర్వర్లు అక్కడుంటే రానుపోను 29 మిల్లీసెకన్లు. ఇది తగ్గడానికి వీల్లేని కనీసపు లెక్క. తీగలు తిన్నగా పోవు, దారిలో మజిలీలు ఉంటాయి. వీటికి తోడు ఆట చిత్రాన్ని తయారుచేసే సమయం, దాన్ని వీడియోగా కుదించే సమయం, మన యంత్రం విప్పి చూపే సమయం కలుస్తాయి.

సెకనుకు 60 చిత్రాల ఆటలో ఒక్కో చిత్రం తెర మీద ఉండేది 16.7 మిల్లీసెకన్లు. మొత్తం ఆలస్యం 50 మిల్లీసెకన్లయితే మన చెయ్యి మూడు చిత్రాలు వెనుకబడినట్టు. చదరంగంలోనో, ఆలోచించి ఎత్తులు వేసే ఆటలోనో ఇది తెలియనే తెలియదు. కారు పందెంలోనూ, గురి చూసి కాల్చే ఆటలోనూ, క్రికెట్ బ్యాటింగ్‌లోనూ తెలుస్తుంది. బంతి దాటిపోయాక బ్యాటు కదిలినట్టుంటుంది.

కనుక డబ్బు కట్టకముందు అడగవలసిన మొదటి ప్రశ్న: సర్వర్లు ఏ ఊళ్లో ఉన్నాయి? రెండోది: ముందుగా పరీక్షించి చూసుకునే వీలుందా? ఆ పరీక్ష పగలు ఒకసారి, ఇంటింటా అందరూ వీడియోలు చూసే రాత్రి తొమ్మిది గంటలకు మరోసారి చేయండి. వైఫైకి బదులు మోడెమ్ నుంచి ల్యాప్‌టాప్‌కు తీగ కలిపి చూడండి. తడబాటు చాలాసార్లు అక్కడే సగం తగ్గుతుంది.

3. డేటా లెక్క

ఇక్కడ రెండు కొలతలు కలగాపులగం కాకూడదు. లైను వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు. వాడకాన్ని మెగాబైట్లలో, జీబీలలో చెబుతారు. 8 బిట్లు ఒక బైటు. కనుక వేగాన్ని 8తో భాగించాలి.

ఎన్విడియా సంస్థవారి జీఫోర్స్ నౌ అనే సేవ 720 గీతల చిత్రానికి సెకనుకు కనీసం 15 మెగాబిట్లు, 1080 గీతల చిత్రానికి 25 మెగాబిట్లు ఉండాలని చెబుతుంది. రెండూ సెకనుకు 60 చిత్రాల లెక్క. ఆ వేగమంతా వాడుకున్నట్లయితే:

15 ÷ 8 = సెకనుకు 1.875 మెగాబైట్లు. గంటకు 3,600 సెకన్లు కనుక 6,750 మెగాబైట్లు, అంటే 6.75 జీబీ.

25 ÷ 8 = 3.125 మెగాబైట్లు. గంటకు 11.25 జీబీ.

రోజుకు 2 జీబీ వచ్చే ఫోను ప్యాకుతో ఎంతసేపు ఆడవచ్చు? 2,000ను 1.875తో భాగిస్తే 1,067 సెకన్లు. పద్దెనిమిది నిమిషాలు కూడా నిండవు. ఇది గరిష్ఠపు లెక్క. తెర మీద కదలిక తక్కువగా ఉన్నప్పుడు వాడకం కొంత తగ్గుతుంది. తగ్గినా, ఫోను ప్యాకు మీద ఈ ఆటలు సాగవని అర్థమవుతూనే ఉంది గదా. తమ్ముడు ఆడిన మధ్యాహ్నం అక్కయ్యకు ఆన్‌లైన్ క్లాసుకు డేటా ఉండదు.

ఇంటి ఫైబర్ కనెక్షన్ సంగతి వేరు. "అన్‌లిమిటెడ్" అని అమ్మే కొన్ని పథకాలకు నెలకు 3,300 జీబీ హద్దు ఉంటుంది. అది దాటితే వేగం బాగా తగ్గిస్తారు. రోజుకు రెండు గంటల చొప్పున నెలకు 60 గంటలు ఆడితే 60 × 11.25 = 675 జీబీ. హద్దుకు చాలా లోపలే. మీ పథకం హద్దు ఎంతో బిల్లు మీద గానీ ఒప్పంద షరతుల్లో గానీ చూసుకోండి.

4. కొనడమా, అద్దెకు తీసుకోవడమా?

పోయిన జూన్ నెలలో ఒక తండ్రీ కొడుకూ బరంపురం నుంచి ట్రస్టు ఆఫీసుకు వచ్చారు. తండ్రికి బట్టలు కుట్టే దుకాణం. కుర్రాడు బి.కాం. రెండో సంవత్సరం. చేతిలో రూ.95,000 కొటేషన్ ఉంది. ఇంట్లో ఉన్న గొలుసు తాకట్టు పెట్టాలని ఆయన ఆలోచన. నేను బ్యాంకులో పనిచేసినవాణ్ణి కనుక వడ్డీ ఎంతవుతుందో చెప్పమని అడిగాడు.

"బి.కాం.కు ట్యాలీ, ఎక్సెల్ నడిస్తే చాలు గదా బాబూ, ఈ కార్డు దేనికి?" అన్నాను.

కుర్రాడు కాసేపు ఊరుకున్నాడు. "ఒక ఆట ఉంది తాతగారూ. మా క్లాసులో చాలామంది ఆడుతున్నారు. మా పాత కంప్యూటర్‌లో తెరుచుకోవడం లేదు" అన్నాడు.

"ఈ మాట ఇంట్లో చెప్పలేదేంరా?" అన్నాడు తండ్రి.

"చెబితే కొనరు గదా నాన్నా."

ఆయన మరేమీ అనలేదు. ముగ్గురం ఒక తెల్లకాగితం తీసుకున్నాం. అద్దె, ఇంటర్‌నెట్ ధరలు ఊరినిబట్టి, పథకాన్నిబట్టి మారతాయి కనుక లెక్క కోసం అంకెలు అనుకున్నాం. మీరు మీ అంకెలు వేసుకోండి.

చదువుకు సరిపోయే ల్యాప్‌టాప్ రూ.45,000. ఆటల ల్యాప్‌టాప్ రూ.95,000. తేడా రూ.50,000. ఈ తేడా మొత్తం అప్పు తెస్తే ఏడాదికి 12 శాతం చొప్పున రెండేళ్లకు బారువడ్డీ రూ.12,000. కలిపితే రూ.62,000.

కొన్న వస్తువుకు రెండేళ్ల తరువాత కూడా కొంత విలువ ఉంటుంది. దాన్ని తీసివేయకపోతే లెక్క న్యాయం కాదు. వ్యాపార పద్దుల్లో ఆదాయపు పన్ను కోసం కంప్యూటర్‌కు ఏటా 40 శాతం తరుగుదల వేసే పద్ధతి ఉంది. అదే పట్టుకుంటే రూ.50,000 ఏడాదికి రూ.30,000, రెండేళ్లకు రూ.18,000 అవుతుంది. 62,000 నుంచి 18,000 తీసివేస్తే రూ.44,000. రెండేళ్లకు ఆట కోసం యంత్రం మీద పడే నికర ఖర్చు ఇది.

అద్దె వైపు: సేవకు నెలకు రూ.800, మెరుగైన ఇంటర్‌నెట్ పథకానికి అదనంగా రూ.300, మొత్తం రూ.1,100. రెండేళ్లు ఒక్క నెల కూడా విడవకుండా కడితే రూ.26,400. సెలవుల్లో ఏడాదికి మూడు నెలలు మాత్రం కడితే రెండేళ్లకు రూ.6,600. ఆటను కొనే ధర రెండువైపులా ఉంటుంది కనుక కొట్టివేశాం.

ఈ లెక్క అందరికీ ఒకేలా తేలదు. అప్పు లేకుండా చేతి డబ్బుతో కొని, నాలుగేళ్లు ప్రతి నెలా ఆడే ఇంట్లో చూడండి. అద్దె 48 × 1,100 = రూ.52,800. కొనుగోలు తేడా రూ.50,000 నుంచి నాలుగేళ్ల తరువాతి విలువ రూ.6,480 తీసివేస్తే రూ.43,520. ఇక్కడ కొనడమే చవక. యానిమేషన్, భవన నిర్మాణ చిత్రలేఖనం వంటి చదువుల్లో ఆ కార్డు రోజూ పనికివస్తుంది కనుక వారి లెక్క కూడా వేరు. అటువంటివారు కాలేజీ ఇచ్చిన యంత్ర వివరాల కాగితాన్ని దరఖాస్తుకు జతచేయండి, మాకు పని తేలిక.

ఆ కుటుంబం రూ.45,000 యంత్రమే కొన్నది. డిసెంబరు సెలవుల్లో కుర్రాడు ఒక నెల అద్దెకు తీసుకున్నాడు. పొద్దున బాగా ఆడుతోందనీ, రాత్రి తొమ్మిది దాటితే తడబడుతోందనీ ఫోనులో చెప్పాడు. రెండో నెల కట్టలేదట. గొలుసు ఇంట్లోనే ఉంది.

5. దుకాణం మూస్తే ఏం మిగులుతుంది?

అద్దె ఇంటికి గోడలకు రంగులు వేయించేముందు ఆలోచిస్తాం. ఇక్కడా అంతే. ఈ వ్యాపారంలో మూతపడినవారి చరిత్ర ఉంది.

అమెరికాలో ఆన్‌లైవ్ అనే సేవ 2010 జూన్‌లో మొదలై 2015 ఏప్రిల్ 30న ఆగిపోయింది. దాని పేటెంట్లను సోనీ కొన్నది. అంతటి గూగుల్ సంస్థ 2019 నవంబరు 19న 14 దేశాల్లో స్టేడియా అనే సేవ ప్రారంభించింది. మన దేశం అందులో లేదు. అక్కడ చాలా ఆటలను విడివిడిగా ధర పెట్టి కొనుక్కోవాలి, అవి అక్కడే ఆడాలి. 2022 సెప్టెంబరులో మూసివేస్తామని ప్రకటించి, 2023 జనవరి 18న మూసేశారు. ఆటలకూ, తమ దుకాణంలో కొన్న పరికరాలకూ కట్టిన డబ్బు గూగుల్ తిరిగి ఇచ్చింది. నెలవారీ చందా ఇవ్వలేదు. ఆటలో సాధించిన ప్రగతిని వేరేచోటికి మార్చుకునే వీలు అన్ని ఆటలకూ దొరకలేదు. డబ్బు తిరిగి ఇవ్వడం ఆ సంస్థ చేసిన మంచి పని. ప్రతి సంస్థా అలాగే చేస్తుందని పద్దు రాసుకోకూడదు.

జీఫోర్స్ నౌ పద్ధతి వేరు. స్టీమ్ వంటి దుకాణాల్లో మనం కొనుక్కున్న ఆటను వారి యంత్రం మీద ఆడుకోవాలి. సేవ మానుకున్నా ఆట మన స్టీమ్ ఖాతాలో ఉంటుంది. అయితే ఆటల ప్రచురణకర్త ఒప్పుకోవాలి. 2020 ఫిబ్రవరిలో ఆ సేవ పూర్తిస్థాయిలో మొదలైన కొద్దిరోజులకే యాక్టివిజన్ బ్లిజర్డ్ తన ఆటలన్నీ వెనక్కి తీసుకుంది. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్ మన దేశంలో 2025 నవంబరులో మొదలైంది. అక్కడ ప్రధానంగా చందా కట్టి, ఉన్న జాబితాలోంచి ఆడుకోవడం. జాబితాలో ఆటలు చేరుతుంటాయి, పోతుంటాయి.

వాణిజ్యశాస్త్రం చదివే పిల్లలు ఒక సంగతి గమనించండి. మైక్రోసాఫ్ట్ యాక్టివిజన్‌ను సుమారు 6,900 కోట్ల డాలర్లకు కొనబోతే 2023 ఏప్రిల్‌లో బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ అడ్డుకుంది. క్లౌడ్ గేమింగ్‌లో పోటీ చచ్చిపోతుందన్నది అభ్యంతరం. చివరికి యాక్టివిజన్ ఆటల క్లౌడ్ హక్కులను యూబీసాఫ్ట్ అనే మరో సంస్థకు అమ్మడానికి ఒప్పుకున్నాకనే ఆ అక్టోబరులో కొనుగోలు పూర్తయింది. ఆట ఎవరిది, దాన్ని అద్దెకిచ్చే హక్కు ఎవరిది అన్నవి రెండు వేర్వేరు ఆస్తులని దీనివల్ల తెలుస్తుంది.

"కొనండి" అన్న మీట నొక్కినా మనకు వచ్చేది చాలాసార్లు వాడుకునే అనుమతి మాత్రమే. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 జనవరి 1 నుంచి ఆ విషయం కొనుగోలుదారుకు స్పష్టంగా చెప్పాలని చట్టం వచ్చింది. ఇక్కడ మనమే షరతులు చదువుకోవాలి.

6. డబ్బు కట్టేటప్పుడు

ఇటువంటి సేవలన్నీ నెలనెలా దానంతటదే ఖాతాలోంచి డబ్బు తీసుకునే అనుమతి అడుగుతాయి. "మొదటి నెల ఉచితం" అన్నవి కూడా కార్డు వివరాలు ముందే కోరతాయి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇటువంటి అనుమతి మొదటిసారి నమోదు చేసేటప్పుడు ఓటీపీ వంటి అదనపు ధ్రువీకరణ ఉండాలి. ప్రతిసారీ డబ్బు తీసుకునేముందు కనీసం 24 గంటల ముందుగా కబురు రావాలి. ఆ అనుమతిని రద్దు చేసుకునే హక్కు ఖాతాదారుకు ఉంది. 2022 జూన్ నుంచి రూ.15,000 లోపు చెల్లింపులకు ప్రతిసారీ ఓటీపీ అడగరు. కనుక ఆ ముందస్తు కబురును చదవకుండా తుడిచేయకండి. ఆట మానేసినంత మాత్రాన చందా ఆగదు. అనుమతి రద్దు చేసి, ఆ కబురు దాచుకోండి.

పిల్లల ఆటకు ఇంటి ప్రధాన ఖాతా కార్డు ఇవ్వకండి. తక్కువ నిల్వ ఉంచే వేరే ఖాతా వాడండి. ధరలో 18 శాతం జీఎస్టీ కలిసిందో లేదో చూడండి.

డబ్బు పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ఈ పాఠంతో సంబంధం లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం వాటిని నిషేధించింది. ఆట పేరుతో ఎవరైనా "వంద కడితే వెయ్యి" అంటే అది అద్దె వ్యవహారం కాదు.

7. ఇదే సూత్రం చదువుకు

దూరాన ఉన్న బలమైన యంత్రాన్ని కావలసినంతసేపే వాడుకోవడం అన్న సూత్రం చదువుకు కూడా పనికివస్తుంది. కృత్రిమ మేధ, డేటా విశ్లేషణ నేర్చుకునే విద్యార్థులకు గూగుల్ కోల్యాబ్‌లో గ్రాఫిక్స్ కార్డున్న యంత్రం కొన్ని పరిమితులతో ఉచితంగానే దొరుకుతుంది. బ్రౌజరు తెరవగల ల్యాప్‌టాప్ ఉంటే చాలు. "ఈ కోర్సుకు లక్ష రూపాయల యంత్రం కావాలి" అనేముందు అధ్యాపకులను ఒక మాట అడగండి: "సార్, ఈ పని కోల్యాబ్‌లో గానీ కాలేజీ ల్యాబులో గానీ జరుగుతుందా?" జరుగుతుందంటే ఆ మిగిలిన డబ్బు వచ్చే సెమిస్టరు ఫీజుకు ఉంటుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు ఆట కోసమని నిజం చెబితే ఆ నిజాన్ని లెక్కలోకి తీసుకోండి, తిట్టులోకి కాదు. నిజమైన కారణం కాగితం మీదికి వస్తేనే సరైన అంకె తేలుతుంది.

అభ్యాసం

(అ) సేవకు సెకనుకు 20 మెగాబిట్లు కావాలి. గంటన్నర ఆటకు గరిష్ఠంగా ఎన్ని జీబీలు?

(ఆ) సర్వరు 1,600 కి.మీ. దూరంలో ఉంది. వెలుతురు రానుపోను ప్రయాణానికే ఎన్ని మిల్లీసెకన్లు?

(ఇ) మొత్తం ఆలస్యం 100 మిల్లీసెకన్లు. సెకనుకు 60 చిత్రాల ఆటలో ఎన్ని చిత్రాలు వెనుకబడతాం?

(ఈ) మీ ఇంటి అసలు అంకెలతో నాలుగో భాగంలోని పద్దు వేయండి. ఎన్ని నెలల దగ్గర అద్దె, కొనుగోలు సమానమవుతాయి?

జవాబులు: (అ) 13.5 జీబీ. (ఆ) 16 మిల్లీసెకన్లు. (ఇ) 6 చిత్రాలు. (ఈ) ఎవరి జవాబు వారిది. ల్యాప్‌టాప్ సహాయం కోరే విద్యార్థులు ఈ నాలుగో లెక్కను దరఖాస్తు వెనుక రాసి పంపితే సంతోషిస్తాం.